ఫైవ్ నైన్ సూత్రమునకు టీకా తాత్పర్యములు

మూలము: "ఏలూరూ, ఫైవ్ నైన్ వస్తున్నారు. బ్రహ్మాండం. ఏమన్నారో మళ్ళీ చెప్పండి, ఓవర్."

అవతారిక: కొల్లేటి నడుమ దోనెలో నిలిచి, చేతి సెట్టు పట్టిన హామ్ (అమెచ్యూర్ రేడియోవాడు) ఒకడు ఏలూరు డాబా మీది మిత్రునకు పలికినది.

ప్రతిపదార్థము: ఫైవ్ = అయిదు మెట్ల స్పష్టతలో అయిదవ మెట్టున, అనగా ప్రతి మాటయు తెలియునట్లు; నైన్ = తొమ్మిది మెట్ల బలములో తొమ్మిదవ మెట్టున; వస్తున్నారు = మీ తరంగము వచ్చుచున్నది, మీరు కాదు; బ్రహ్మాండం = పాదపూరణము; మళ్ళీ చెప్పండి = ఒక్క ముక్కయు తెలియలేదు; ఓవర్ = ఇక మీ వంతు. కాల్‌సైన్, అనగా తన గుర్తింపు పేరు, చెప్పవలసినది, చెప్పలేదు. లైసెన్సు ఇచ్చినవారు మన్నింతురు గాక.

శంక: ప్రతి మాటయు తెలిసినచో మళ్ళీ చెప్పుమనుట యేల?

సమాధానము: తొమ్మిది సెట్టులోని బలమును చూపు ముల్లు చెప్పినది, అయిదు మర్యాద చెప్పినది. విస్తరి ముందు కూర్చున్న వియ్యంకుడు పప్పులో ఉప్పు లేదనునా? హామ్‌ల పోటీలలో వినబడీ వినబడనివానికిని ఫైవ్ నైన్ ఇచ్చి, పిదప కాల్‌సైన్ మరల అడుగుట లోకమంతటా కలదు. శిష్టాచారమే ప్రమాణము.

విశేషము: ముల్లు తరంగమును తూచును, మాటను కాదు. ఎఫ్ఎమ్‌లో మీట నొక్కి మౌనముగా నున్నవానికిని తొమ్మిదే వచ్చును. దోనెపై గాలి మైకులో హోరెత్తినను తొమ్మిదే. ఆ తొమ్మిదియు ఒక్కటి కాదు. 1981లో అంతర్జాతీయ అమెచ్యూర్ రేడియో సమాఖ్య మొదటి ప్రాంతము వారు హెచ్ఎఫ్‌కు 50 మైక్రోవోల్టులనియు, వీహెచ్ఎఫ్‌కు 5 అనియు నిర్ణయించిరి. మెట్టుకు మెట్టుకు నడుమ 6 డెసిబెల్స్. అనగా 5 వాట్ల సెట్టు విడిచి 20 వాట్లది కొన్నవానికి దక్కునది ఒక్క మెట్టు. చేతి సెట్లలో ముల్లుకు బదులుండు గళ్ళ పట్టీ ఈ లెక్కకు కట్టుబడుట అరుదు. స్వల్ప సిగ్నలుకే నిండి మురిపించును.

వాట్లకు పెట్టు డబ్బు యాంటెన్నా ఎత్తునకు పెట్టుట మేలు. కొల్లేట కొండ లేకున్నను భూమి గుండ్రము. దోనెలో 1.5 మీటర్ల ఎత్తునకు రేడియో దిగంతము 5 కిలోమీటర్లు, డాబాపై 9 మీటర్లకు 12. రెండును కలిసి 17.

తాడేపల్లిగూడెము వారు రిపీటరు (సిగ్నలు అందుకొని మరల పంపు యంత్రము) మీదుగా వచ్చి "నా సిగ్నలెట్లున్నది?" అన్నచో ముల్లు చూపునది రిపీటరు బలమే. వారికిని ఫైవ్ నైన్ అనవలెను, వారు సంతోషింతురు.

పాఠాంతరము: గూడెము ప్రతిలో "ఆయ్, మళ్ళీ చెప్పండి" అని కలదు. అర్థభేదము లేదు. మీట పూర్తిగా నొక్కకమున్నే నోరు తెరచువారికి తొలి అక్షరము గాలిలో కలియును గనుక, పోగొట్టుకొనుటకే ఆ "ఆయ్" ముందుంచిరని నాకు తోచుచున్నది.