అంబాసిడర్‌కు చలి పుట్టించిన కథ

మా మావగారి అంబాసిడర్‌కు ఏసీ పెట్టించడానికి కారణం ఎండ అనుకుంటే పొరపాటు. రాజమండ్రి ఎండ ఆయనకు కొత్త కాదు. మే నెలలో 45 డిగ్రీలు దాటినా, రోహిణి కార్తెలో రోళ్లు పగిలినా, నాలుగద్దాలూ దించేసి, దారిలో కనపడ్డవాళ్లందరినీ పలకరిస్తూ అమలాపురం దాకా పోయివచ్చేవారు. అసలు కారణం కాబోయే వియ్యాలవారు. కాకినాడ నుంచి వాళ్ల కారు వచ్చి దానవాయిపేటలో మా వాళ్లింటి ముందు ఆగింది. అద్దాలు దిగలేదు. వాటి వెనక ఎవరున్నారో తెలియక మావగారు ముందుసీటు వైపు వంగి నమస్కారం పెట్టారు. తలుపు తీసుకుని డ్రైవరు దిగాడు. సంబంధం ఖాయమైంది గానీ ఆ నమస్కారం మాత్రం ఆయనకు మింగుడుపడలేదు.

"మన బండికీ ఏసీ పెట్టించేద్దాం అల్లుడూ" అన్నారు ఆ రాత్రే.

"దానికంటే కొత్త కారే కొనుక్కోవచ్చు కదా మావయ్యగారూ" అన్నాను. కావాలంటే అల్లుణ్ణి మారుస్తాను గానీ కారును మార్చనన్నట్టు చూశారు.

అది ఎనభైల నాటి డీజిల్ అంబాసిడర్. ఇంగ్లండువాళ్ల మోరిస్ ఆక్స్‌ఫర్డ్‌ను బెంగాల్లోని ఉత్తరపారకు తెచ్చుకుని, 1950ల చివర మొదలుపెట్టి 2014 మే దాకా పెద్దగా మొహం మార్చకుండా తయారుచేసిన బండి. మావగారి దాంట్లో ఇంజన్ 1489 సి.సి.; శక్తి నలభై గుర్రాలకు లోపే. ఆ కాసిని గుర్రాల మీదే మా జిల్లాల్లో పెళ్లికొడుకులు, ఎమ్మెల్యేలు, పురిటికి పుట్టింటికొచ్చే ఆడపిల్లలు, కొబ్బరికాయల బస్తాలు ఏ తేడా లేకుండా ప్రయాణించారు. తొంభైల్లో ఇసుజు వారి 1817 సి.సి. పెట్రోలు ఇంజన్ వచ్చాక గానీ ఏసీ అంబాసిడర్లు మామూలు కాలేదు. ముసలి ఇంజన్ నెత్తిన ఈ బరువు పెట్టకూడదని కంపెనీకీ తెలిసే ఉంటుంది. మావగారికి చెప్పేదెవరు?

మోరంపూడి వైపున్న ఒక షెడ్డు మేస్త్రీ బానెట్ ఎత్తి, టార్చి వేసి, మోచేతి దాకా చెయ్యి పెట్టి చూసి, "బోల్డంత ఖాళీ ఉందండి అయ్యగారూ. ఏసీ ఏటండి, పక్కనే ఫ్రిజ్జు కూడా పెట్టొచ్చండి, ఆయ్" అన్నాడు. నిజమే, అంబాసిడర్ బానెట్ కింద ఉన్న ఖాళీ ఇప్పటి అపార్టుమెంటు వంటింట్లో ఉండదు. అయితే ఖాళీ ఉండటం వేరు, సత్తువ ఉండటం వేరు.

విజయవాడ ఆటోనగర్ నుంచి సెకండ్‌హ్యాండ్ కంప్రెసర్ తెప్పించారు. సాండెన్ 508 రకం. ఆ నంబరులో మొదటి అయిదు, లోపలున్న సిలిండర్ల లెక్క. మా ఇంజనుకు ఉన్నవి నాలుగు. అంటే నాలుగు సిలిండర్లున్న ఇంటి యజమాని అయిదు సిలిండర్ల చుట్టాన్ని తిప్పుతూ బతకాలన్నమాట.

ఇక్కడ కొంచెం శాస్త్రం తప్పదు. చల్లదనాన్ని ఎవరూ తయారుచెయ్యరు. లోపలి వేడిని ఎత్తి బయట పారబొయ్యడమే ఏసీ చేసే పని. కూలింగ్ కాయిల్‌లో ద్రవం ఆవిరై కారులోని వేడిని పీల్చుకుంటుంది. కంప్రెసర్ ఆ ఆవిరిని నొక్కి, రేడియేటర్ ముందున్న కండెన్సర్‌లోకి తోస్తుంది. అక్కడ అది వేడి వదిలేసి మళ్లీ ద్రవమవుతుంది. ఈ తోసినందుకు కూలి ఇంజన్ ఇచ్చుకోవాలి: మూడు నాలుగు గుర్రాలు. రెండొందల గుర్రాల బండికి అది చిల్లర. మా బండికి ఆస్తిలో పదోవంతు.

కంప్రెసర్ కొనడం తేలిక, కూర్చోబెట్టడమే కష్టం. దానికి బ్రాకెట్ కావాలి. ఈ ఇంజనుకు సరిపోయే బ్రాకెట్ బజారులో దొరకలేదు కాబట్టి లేతు షెడ్డులో మందపాటి ఇనప రేకు కోసి, వెల్డింగ్ పెట్టి, బెజ్జాలు కొట్టారు. క్రాంక్ పుల్లీకి ఇంకో గాడి కావాలి. ఆ గాడీ, కంప్రెసర్ పుల్లీ గాడీ ఒకే వరసలో ఉండాలి; వాషరు మందం తేడా వచ్చినా బెల్టు ఊరుకోదు. మాది ఊరుకోలేదు. మొదటిసారి స్టార్ట్ చేసినప్పుడు పెట్టిన కీచుకి పక్క షెడ్డులో ట్రాక్టరు కింద పడుకున్నవాడు బయటికొచ్చి చూశాడు. బిగిస్తే బేరింగు ఏడుస్తుంది, వదులు చేస్తే బెల్టు జారుతుంది. చివరికి బ్రాకెట్ కింద వాషర్లు ఒక్కొక్కటే వేసి, కన్ను మూసి, దారం పట్టి వరస సరిచేశారు. ఇంత గొడవలోనూ నాకు ముచ్చటేసింది ఆ దారమే. ఏ పుస్తకమూ చూడకుండా మేస్త్రీ అంత సూటిగా పట్టాడు.

తర్వాత మొదలైంది "అదొక్కటీ మార్చేస్తే సరిపోద్దండి" అన్న పారాయణం. కంప్రెసర్ క్లచ్చికి కరెంటు కావాలి, లోపల బ్లోయరుకు కావాలి, కండెన్సర్ ఫ్యానుకు కావాలి. పాత డైనమో ఇచ్చేది ఇరవై చిల్లర ఆంపియర్లు. ఇవన్నీ వేసి హెడ్‌లైట్లు కూడా వేస్తే రోడ్డు కనపడదు. కాబట్టి ఆల్టర్నేటరు. కండెన్సర్ వదిలిన వేడిగాలి తిన్నగా రేడియేటర్ మొహాన కొడుతుంది, నీళ్లు మరుగుతాయి. కాబట్టి రేడియేటర్‌కు ఇంకో వరస గొట్టాలు. ఏసీ వెయ్యగానే ఇంజన్ వణికి ఆగిపోతోంది కాబట్టి ఐడిల్ పెంచారు. తలుపుల సందుల్లోంచి వీధి కనపడుతోంది కాబట్టి కొత్త రబ్బర్లు. అద్దాలకు నల్ల ఫిల్మ్ అంటిద్దామంటే 2012లో సుప్రీంకోర్టు వద్దంది. అత్తయ్యగారు తన పాత పట్టుచీర అంచులతో కర్టెన్లు కుట్టిస్తానన్నారు. కోర్టు వాటి సంగతి ఏమందో అడగొద్దని మావగారు నాకు సైగ చేశారు.

ఇంత అవస్థ మాకొక్కరికేనా అంటే కాదు. 1940లో అమెరికాలో ప్యాకర్డ్ కంపెనీ మొదటిసారి కార్లకు ఏసీ పెట్టి అమ్మింది. కూలింగ్ కాయిల్ డిక్కీ వైపు ఉండేది, కంప్రెసరుకు క్లచ్చి లేదు. చలి ఎక్కువై ఏసీ ఆపాలనుకుంటే బండి ఆపి, దిగి, బానెట్ ఎత్తి బెల్టు ఊడదీసుకోవాలి. కొనేవాళ్లు లేక రెండేళ్లలో మానుకున్నారు. ఈ సంగతి చెబితే మావగారికి కొండంత ధైర్యం వచ్చింది. మనకు మీట నొక్కితే అయస్కాంతపు క్లచ్చి "టక్"మని పట్టుకుంటుంది, వదిలేస్తుంది. ఆ లెక్కన ప్యాకర్డ్ కంటే మనమే ముందున్నామన్నారు.

ఆ మీట అత్తయ్యగారి చేతిలో పెట్టారు. 1974 నాటి రోడ్డు కం రైలు వంతెన ఎక్కేటప్పుడు బండి మూలిగితే మావగారు "ఆపు" అంటారు, ఆవిడ ఆపుతారు. పైకెక్కాక "వెయ్యి" అంటారు. కింద రైలు వెళుతుంటే ఆ చప్పుడు మన ఇంజన్‌దేమోనని మళ్లీ "ఆపు". కొవ్వూరు చేరేసరికి ఎవరికీ చల్లగా లేదు గానీ అందరికీ పని దొరికింది.

అసలు విచిత్రం అమలాపురం దారిలో మొదలైంది. కడియపులంక నర్సరీలు దాటేవరకూ చక్కటి చలి. జొన్నాడ వచ్చేసరికి వేడిగాలి. రావులపాలెంలో ఆగి టీ తాగి వస్తే మళ్లీ చలి. రోజూ ఇదే వరస. గౌతమి దాటేటప్పుడు కొబ్బరికాయ కొట్టలేదని అత్తయ్యగారు, ఏసీకి రావులపాలెం టీ అలవాటైందని మావగారు. సంగతేమిటంటే గ్యాస్ పట్టే ముందు గొట్టాల్లోని గాలినీ తేమనీ వాక్యూమ్ పంపుతో పూర్తిగా లాగేయాలి. ఆ మేస్త్రీ పంపు పెట్టలేదు. లోపల మిగిలిన తేమ ఎక్స్‌పాన్షన్ వాల్వు సన్నటి రంధ్రం దగ్గర గడ్డకట్టి దారి మూసేస్తోంది. మనం టీ తాగేలోపు అది కరుగుతోంది. మా డెల్టాలో గాలి అంటేనే సగం గోదావరి. ఇక్కడ పంపు పెట్టకుండా గ్యాస్ పట్టినవాణ్ణి ఏమనాలో నాకు తోచడం లేదు. వేరే షెడ్డులో రిసీవర్ డ్రయ్యర్ మార్చి, వాక్యూమ్ పెట్టి, ఆర్-134ఏ గ్యాస్ పట్టాక ఆ జబ్బు పోయింది. మావగారు రావులపాలెం టీ మాత్రం మానలేదు.

అయినా అనుకున్నంత చలి రాదు. ఇక్కడి ఏసీ ముందు గాలిలోని తడిని పిండాలి, ఆ తర్వాతే చల్లబరచాలి. ఆవిరిని లీటరు నీరుగా మార్చడానికి పడే శ్రమ, అదే లీటరు నీటిని ముప్ఫై డిగ్రీలు చల్లబరచడానికి పడే శ్రమకు దాదాపు ఇరవై రెట్లు. అలా పిండిన నీళ్లు గొట్టంగుండా కిందికి పోవాలి. ఆ గొట్టం మూసుకుపోయిన రోజు ముందుసీటులో కూర్చున్నవాళ్ల కాళ్లు కడిగినట్టే.

చివరికి ఏసీని ఓడించింది ఇంజన్ కాదు, ఊరు. మూసిన అద్దాలతో వెళుతుంటే కడియంలో, ఆలమూరులో తెలిసినవాళ్లు చెయ్యెత్తి ఊరుకున్నారు. "పెద్దాయన ఏసీ పెట్టించుకుని మొహం చాటేస్తున్నాడండి" అన్న మాట పదిరోజుల్లో ఇంటికి చేరింది. దాంతో ఇప్పుడు ఏసీ వేసుకునే, అద్దం దించి, మోచెయ్యి బయట పెట్టి, బండి పక్కకు ఆపి మాట్లాడుతున్నారు. అయిదు సిలిండర్లు కష్టపడి పుట్టించిన చలంతా కాలవగట్టు పాలవుతోంది.

మీ ఇంట్లోనూ అలాంటి బండి ఉండి ఇలాంటి కోరిక పుడితే, షెడ్డులో ముందే రేటు అడక్కండి. బ్రాకెట్ ఎవరు చేస్తారు, డైనమో మారుస్తారా, రేడియేటర్ సంగతేమిటి, వాక్యూమ్ పంపు ఉందా, ఉంటే ఎంతసేపు పెడతారు అని అడగండి. సూటిగా జవాబు చెబితే పని అప్పగించండి. "అయ్యన్నీ మేం సూసుకుంటావండి, ఆయ్" అంటే మాత్రం, దణ్ణం పెట్టి బండి స్టార్ట్ చేసుకుని వచ్చెయ్యండి.