పుస్తకాభిమానిగారి విమానయానం

బెంగళూరు విమానం తొమ్మిదింటికైతే మన పుస్తకాభిమానిగారు ఆరింటికల్లా శంషాబాద్‌లో పుష్పక్ బస్సు దిగుతారు. వెబ్ చెకిన్ ముందురోజే అయిపోయింది, చేతిలో ఒక్కటే సంచీ. అయినా అంత పెందలాడే రావడం ఎందుకంటే, సెక్యూరిటీ దాటాక పుస్తకాల షాపు ఉంది. ఏసీ చల్లగా ఉంటుంది, ఎవరూ పొమ్మనరు.

లోపలికి వెళ్లగానే కళ్లజోడు తుడుచుకుంటారు. లావుపాటి పుస్తకం ఒకటి తీసి, మధ్యకి తెరిచి, ముక్కు ఆనించి గట్టిగా పీలుస్తారు. కొత్త కాయితం వాసన! కళ్లు అరమోడ్పులవుతాయి. ఆ తర్వాత పుస్తకాన్ని వెనక్కి తిప్పుతారు. అక్కడ 599 కనబడగానే కళ్లు పూర్తిగా తెరుచుకుంటాయి. అటూ ఇటూ చూసి, అట్టని ఫొటో తీసి, ఫోన్లో వెతుకుతారు. అందులో 371. "దోపిడీ!" అని గొణిగి, నిలబడ్డచోటే ఆర్డరు పెట్టేసి, పుస్తకాన్ని వంటల పుస్తకాల మధ్య దోపేస్తారు. ఆ 599 ప్రచురణకర్త అచ్చేయించిన ధర, షాపువాడు వేసింది కాదు. షాపు అద్దె, కరెంటు, కుర్రాళ్ల జీతాలు అందులో వాడికి మిగిలేదాన్లోంచే రావాలి. ఆయనకి తెలీక కాదు, 228 రూపాయల తేడా అలాంటిది.

ఆర్డరు వెళ్లిపోయాక దుఃఖం మొదలవుతుంది.

"హైదరాబాదులో పుస్తకాల షాపులన్నీ ఏమైపోతున్నాయండీ?" అని పక్క కుర్చీ ఆయన్ని పట్టుకుంటారు. ఆబిడ్స్‌లో ఎ.ఎ.హుస్సేన్ కొట్లో నిలువుకాళ్ల మీద చదివిన రోజులు, విశాలాంధ్రలో తిరగేసిన చలం, కాచిగూడ నవోదయలో మర్యాదలు, అన్నీ ఏకరువు పెడతారు. వీటిల్లో కొన్నవెన్ని అని అడిగారో, విమానం లేటేమోనని బోర్డు చూడ్డానికి లేస్తారు. డిసెంబర్లో ఎన్టీఆర్ స్టేడియంలో బుక్‌ఫెయిర్‌కి మాత్రం తప్పకుండా వెళ్తారు. రచయితలతో సెల్ఫీలు, మిర్చి బజ్జీలు, సంచీనిండా కేటలాగులు. కేటలాగులు ఉచితం.

తిట్టడానికి ఆన్‌లైన్ వాళ్లున్నారు కదా! ఫ్లిప్‌కార్ట్‌కి 2007లో వచ్చిన మొట్టమొదటి ఆర్డరు ఒక పుస్తకానికే, అదీ మన మహబూబ్‌నగర్ నుంచే. కంపెనీ పెట్టిన కుర్రాళ్లే ఆ పుస్తకం కోసం బెంగళూరు పుస్తకాల షాపుల చుట్టూ తిరగాల్సొచ్చింది. ఈ సంగతి చెప్తే ఆయన తలపట్టుకున్నారు.

"అయితే ఇదంతా పాలమూరు వాళ్ల పనన్నమాట!"

అమెజాన్ కూడా 1995లో పుస్తకాలమ్ముతూ మొదలైందే. 2017లో ఈ శంషాబాద్ దగ్గరే 4 లక్షల చదరపు అడుగుల గోడౌన్ తెరిచింది. చేతిలో ఉన్న పుస్తకాన్ని షాపులో వదిలేసి, అదే పుస్తకం ఏ గోడౌన్లోంచో అట్టపెట్టెలో బయల్దేరి ఇంటికి రావాలని కోరుకోవడం ఎంత అభిమానమో చూడండి.

షాపులోంచి వచ్చేసే ముందు ఒక ప్రశ్న మాత్రం అడిగి తీరతారు. "తెలుగు పుస్తకాలేం లేవా బాబూ?" లేవంటే ఆయనకి బోలెడంత బలం. మన భాషకి మన ఊరి ఎయిర్‌పోర్టులోనే గతిలేదని బెంగళూరులో కొడుకింటికి చేరేదాకా చెప్పుకోవచ్చు. ఒకసారి కౌంటర్ దగ్గర కుర్రాడు కింది అరలోంచి ఒకటి తీసి చేతిలో పెట్టాడు. "ఇదుంది సార్. 150." పుస్తకాభిమానిగారికి చెమట పట్టింది. అటు తిప్పారు, ఇటు తిప్పారు. "ఫాంటు చిన్నది" అన్నారు చివరికి.

మొన్న మరో విమానానికి వచ్చి మళ్లీ కనబడ్డారు. చౌకగా తెప్పించుకున్న పుస్తకం వచ్చింది గానీ అది దొంగ ముద్రణ. అక్షరాలు మసక, 112 తర్వాత 129వ పేజీ. మధ్యలో హత్య జరిగిందని మాత్రం తెలుస్తోంది, ఎవరు చేశారో లేదు. సంచీలో పెట్టుకుని తిన్నగా షాపుకొచ్చి, అసలు ప్రతి తీసి, ఆ పదహారు పేజీలూ నిలబడే చదివేశారు. కుర్రాడు ఏమీ అనలేదు, స్టూలు జరిపాడు. హంతకుడు దొరికాక ఆయన తృప్తిగా పుస్తకం మూసి, కౌంటర్ దగ్గరికొచ్చారు.

"బాబూ, బుక్‌మార్కులుంటే ఓ నాలుగివ్వు. ఇంట్లో పుస్తకాలు చాలా ఉన్నాయి."