అరకిలో స్లాబు

మా వీధిలో స్లాబు అంటే ఇంటి పైకప్పు. మా పిన్ని నోట ఆ మాట వస్తే మాత్రం అది అరకిలో. తెనాలిలో మేడమీది రెండు గదుల్లో పచ్చళ్లు పెట్టి ఊళ్లకు పంపుతుంది. కొరియర్‌వాళ్లు బరువును అరకిలో చొప్పున కడతారనీ, 510 గ్రాములున్నా కిలో కిందే రాస్తారనీ తెలిసిన రోజు నుంచి ఆవిడ కంటికి కునుకు లేదు. "పది గ్రాములకి అరకిలో డబ్బులా? బంగారం కొట్టువాడు కూడా ఇంత తెగించడే!"

అప్పటి నుంచి ఆ ఇంట్లో కాటాకి దక్కిన మర్యాద బాబాయికి దక్కలేదు. దసరా ఆయుధపూజకి స్కూటరు కింద పెట్టాల్సిన నిమ్మకాయలు కాటా కిందికి చేరాయి. గాజు సీసాలు అటకెక్కాయి. "అరకిలో పచ్చడికి పావుకిలో సీసానా? తినేది ఆవకాయా, గాజా?" అని కవర్లలోకి దిగింది. మెడలో ఎప్పుడూ కొలత టేపు. ఎదురింటికి కొత్తగా వచ్చినావిడ దర్జీ అనుకుని జాకెట్టు గుడ్డ ఇచ్చిపోయింది కూడా.

ఆ టేపు మెడకెక్కింది గుమ్మడి వడియాల వల్ల. మూడు కిలోలు తూగని పెట్టెకి ఐదున్నర కిలోల బిల్లు వచ్చింది, పైన 18 శాతం జీఎస్టీ. పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 5000తో భాగిస్తే ఎంతొస్తే అంత కిలోలట. అసలు బరువుకన్నా అది ఎక్కువైతే డబ్బు దానికే. అన్నివైపులా 30 సెంటీమీటర్లున్న పెట్టె 5.4 కిలోలైంది, స్లాబు పుణ్యమా అని ఐదున్నరకి చేరింది. పదో తరగతి లెక్కల పరీక్షకి మూడుసార్లు కట్టిన మా పిన్ని ఈ లెక్క మాత్రం నోటితో చేసేసింది.

"అంటే గాలికి కూడా కిరాయా బాబూ?"

"గాలికి కాదాంటీ, చోటుకి. మీ పెట్టె కూర్చున్నచోట వ్యానులో ఇంకోటి పట్టదు కదా" అన్నాడు కొరియర్ కుర్రాడు.

వాడి మాటలో న్యాయముంది. అందుకే ఆవిడకి ఇంకా ఒళ్లు మండింది.

ఆ రాత్రంతా ఆలోచించి తెల్లారేసరికి పెళ్లిళ్ల పేరయ్య అవతారం ఎత్తింది. ఆవకాయకి బరువెక్కువ, చోటు తక్కువ. వడియాలకి చోటెక్కువ, బరువు లేదు. ఇద్దరికీ జాతకాలు కలిపి ఒకే పెట్టెలో కాపురం పెట్టించింది. ఎవరైనా ఫోన్ చేసి వట్టి వడియాలు అడిగితే, "ఒంటరిగా ఎందుకు పంపడం తల్లీ, గోంగూరని తోడిస్తా" అంటుంది. ఇంత తెలివి నాకుంటే ఈపాటికి ఎక్కడో ఉండేవాణ్ణి.

పార్సిల్ చేతికొచ్చాక డబ్బిచ్చే బేరాలు ఆవిడకి గిట్టవు. తలుపు తాళం వేసుంటే సరుకు వెనక్కొస్తుంది, రానూపోనూ ఖర్చు మనదే. కాబట్టి ముందే వాకబు చేస్తుంది: "గురువారం ఇంట్లో ఎవరుంటారు? మీ అత్తగారికి తలుపు చప్పుడు వినిపిస్తుందా?" హైదరాబాదు వాళ్లయితే ఆర్టీసీ కార్గోలో వేసేసి, "మహాత్మాగాంధీ బస్టాండు మీకు దగ్గరేగా" అంటుంది. కూకట్‌పల్లి వాళ్లతో కూడా అదే మాట.

విదేశీ పార్సిల్‌లో పెట్టె పెరిగేకొద్దీ కిలో ధర తగ్గుతుందని తెలిశాక, అమెరికాలోని ఎడిసన్‌లో ఒకరికొకరు ముఖపరిచయం లేని మూడు కుటుంబాల్ని ఒకే పెట్టెలో కలిపింది. ఇప్పుడు వాళ్లు పండగలకి కలిసి భోంచేస్తున్నారు. 2025 ఆగస్టు 29 నుంచి అమెరికా 800 డాలర్ల లోపు సరుకుకున్న సుంకం మినహాయింపు ఎత్తేసినప్పుడు, "మన తెనాలి ఆవకాయ అంటే వాళ్లకి అంత భయమా!" అని ఆశ్చర్యపోయింది.

కొరియర్‌వాళ్ల హబ్బులో బరువు ఎక్కువ చూపిస్తే తగాదాకి సాక్ష్యం ఉండాలిగా. అందుకని ప్రతి పార్సిల్‌నీ కాటా మీద కూర్చోబెట్టి నాలుగువైపుల నుంచీ ఫొటోలు తీయిస్తుంది. మా చెల్లెలి పెళ్లిచూపులకి కూడా అన్ని తీయలేదు.

మొన్న నేనున్నప్పుడు బెంగుళూరు పార్సిల్ 1,840 గ్రాములు తూగింది. పిన్ని మొహం వాడిపోయింది.

"ఏమైంది? రెండు కిలోల లోపేగా?"

"రెండు కిలోలకి డబ్బు కట్టి 160 గ్రాములు ఖాళీగా పంపాలిట్రా?" అని కరివేపాకు పొడి పొట్లం తెచ్చి లోపల దోపింది.

"పిన్నీ, అది తొంభై రూపాయల పొడి! ఖాళీగా పోతే నీకొచ్చిన నష్టమేంటి?"

"నష్టమా? కట్టిన చోటు వాడికి వదిలేస్తే అది నష్టం కాదూ?"

మళ్లీ కాటా ఎక్కించాం. 2,004.

కాసేపు ఎవరం మాట్లాడలేదు. పొడి పొట్లం తీసేస్తుందేమో అనుకున్నాను. కత్తెర తెచ్చి పెట్టె లోపలి రెక్కని రెండు వేళ్ల మందాన కోసింది. 1,996.

"ఆ అట్టముక్క పారెయ్యకు" అంది, టేపు లాగుతూ. "అడుగున పెట్టడానికి ఇంకో పార్సిల్‌కి పనికొస్తుంది."