అడగకుండా కేసు పట్టడం ఎలా?

సికింద్రాబాద్ లాలాగూడలో కొత్తగా ఏ దుకాణం తెరిచినా నాలుగు వీధులకు వినపడుతుంది. బిర్యానీ హోటలైతే డప్పులు, బట్టల షాపైతే ఒకటి కొంటే ఒకటి ఫ్రీ, రక్తపరీక్షల సెంటరైతే మొదటివారం షుగరు టెస్టు ఉచితం. కాలేజీ వాళ్లు ర్యాంకు వచ్చిన పిల్లల ఫొటోలను ఆటోల వెనక అంటించి ఊరంతా తిప్పుతారు. వకీలు ఆఫీసు తెరిస్తే మాత్రం వీధి కుక్కకు కూడా తెలియదు. తెలియనివ్వకూడదు కూడా.

బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నిబంధనల్లో 36వది ఒకటుంది. దాని ప్రకారం వకీలు పని అడగకూడదు. కరపత్రం వేయకూడదు, ప్రకటన ఇవ్వకూడదు, దళారీని పెట్టకూడదు, ముఖపరిచయం లేనివాళ్ల దగ్గరకెళ్లి మాట కలపకూడదు, తన కేసు గురించి పేపర్లో రాయించుకుని ఫొటో వేయించుకోకూడదు. బోర్డు పెట్టుకోవచ్చు, కాకపోతే అది తగుమాత్రం సైజులో ఉండాలి. తగుమాత్రం అంటే ఎన్ని అడుగులో చెప్పలేదు. దాని మీద బార్ అసోసియేషన్ ప్రెసిడెంటునని రాయకూడదు, ఒకప్పుడు జడ్జినని రాయకూడదు, ఫలానా రకం కేసులు బాగా చూస్తానని అసలే రాయకూడదు. పక్క గదిలో డాక్టరు తాను ఎముకలకో, పంటికో, చంటిపిల్లలకో రాసుకుని కూర్చుంటాడు. వకీలు రాసుకోకూడదు. కాబట్టి విడాకుల కోసం వచ్చిన మనిషి అమ్మకం పన్ను వకీలు ముందు అరగంట ఏడ్చాక గానీ తలుపు మారాలని తెలియదు.

2008లో కాస్త కనికరించారు. సొంత వెబ్‌సైటు పెట్టుకుని, అందులో ఏయే కేసులు చూస్తారో చెప్పుకోవచ్చన్నారు. అంటే గోడ మీద రాస్తే దుష్ప్రవర్తన, నెట్‌లో రాస్తే సమాచారం. వేరేవాళ్ల వెబ్‌సైట్ల ద్వారా పని వెతుక్కుంటే మాత్రం తప్పేనని 2024 జులైలో మద్రాసు హైకోర్టు తేల్చి, చర్య తీసుకొమ్మని బార్ కౌన్సిల్‌కు చెప్పింది. ఒక యాప్‌లో ప్లంబరు దొరుకుతాడు, పురోహితుడు దొరుకుతాడు, వకీలు దొరికితే గౌరవం పోతుంది.

మా వీధిలో ఒక కుర్ర వకీలున్నాడు. ఈ రూలు అతనికి కంఠతా వచ్చు, అందుకే ఎన్నడూ ప్రకటన ఇవ్వలేదు. బండి ముందొకటి, వెనకొకటి అడ్వకేట్ స్టిక్కరు వేసుకున్నాడు, అది పార్కింగు కోసమట. గుడికి ఫ్యానిచ్చాడు. దాని మూడు రెక్కల మీదా ‘దాత, అడ్వకేట్’ అని రాయించాడు. ఫ్యాను తిరిగినంతసేపూ ఎవరికీ కనపడదు, కరెంటు పోయినప్పుడే ప్రాక్టీసు. ఆషాఢంలో బోనాల ఫ్లెక్సీ కట్టించాడు. అమ్మవారి పాదాల దగ్గర చేతులు జోడించి, నల్లకోటుతో, అమ్మవారికంటే కొంచెం పెద్ద సైజులో ఉన్నాడు. శుభాకాంక్షలు చెప్పడం పని అడగడం కాదు కదా! కాలనీ వాట్సప్ గ్రూపులో పొద్దున్నే గుడ్ మార్నింగ్ పెడతాడు. ఆ పువ్వు కింద ఫోన్ నంబరు ఉంటుంది.

ఫలితం లేకపోలేదు. మనుషులు వస్తున్నారు.

‘వకీల్ సాబ్, జర ఒక్క మాట అడగాలె’ అంటూ రైల్వే వర్క్‌షాపులో రిటైరైన ఫిట్టర్ వస్తాడు. ఒక్క మాట గంటన్నర సాగుతుంది. అన్నదమ్ముల పంపకం, గోడ పక్కవాడి మామిడిచెట్టు, అల్లుడు బాకీకి ఇచ్చిన చెక్కు, ఇవన్నీ ఆ మాటలోవే. రెండు చాయ్‌లు తాగి లేస్తూ ‘ఫీజా? మనోనివే కద బిడ్డా, కేసేస్తే అప్పుడు చూద్దాం’ అంటాడు. కేసు మటుకు బంజారాహిల్స్‌లో కారున్న వకీలుకు ఇస్తాడు. ఫ్రీగా చెప్పినవాడికి తెలివి తక్కువని లోకం నమ్మకం. జూనియర్లకు నగరాల్లో నెలకు కనీసం ఇరవై వేలు ఇవ్వండని 2024 అక్టోబరులో బార్ కౌన్సిల్ సీనియర్లకు సూచించింది. మా వాడి సీనియరు అది శ్రద్ధగా చదివాడు. తర్వాతే మా వాడు సొంత ఆఫీసు పెట్టుకున్నాడు.

అలాగని లాలాగూడలో వకీలుకు పని లేదనకండి. నిజాం కాలపు రైల్వే 1893లో వర్క్‌షాపు పెట్టినప్పటి నుంచీ ఈ బస్తీ పట్టాల మీదే బతుకుతోంది. 1966లో దక్షిణ మధ్య రైల్వే పుట్టాక కొలువులు, పెన్షన్లు, క్వార్టర్లు, సస్పెన్షన్లు అన్నీ ఇక్కడే. రైల్వే క్లెయిమ్స్ ట్రిబ్యునల్ బెంచి కూడా సికింద్రాబాద్‌లోనే.

రైలు నుంచి జారిపడి ఒక మనిషి పోయాడనుకోండి. రైల్వే చట్టం 124-ఎ ప్రకారం, రైల్వే తప్పుందని నిరూపించే పని లేకుండానే కుటుంబానికి పరిహారం వస్తుంది. 2017 జనవరి నుంచి అది ఎనిమిది లక్షలు, అంతకుముందు నాలుగు. ఏడాదిలోపు అర్జీ పెట్టాలి. శవం దగ్గర టికెట్టు దొరకలేదన్న ఒక్క కారణంతో కొట్టేయడానికి వీల్లేదని 2018లో రీనాదేవి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఈ మాట ఆ ఇల్లాలికి ఎవరు చెప్పాలి? వకీలు ఆమె గడప తొక్కితే సనదు పోతుంది. చెప్పేవాడు వేరే ఉన్నాడు. వాడికి సనదు లేదు, నల్లకోటు లేదు, 36వ నిబంధన లేదు. పదోరోజు కాకముందే వచ్చి, బయట చెప్పులు విడిచి, కన్నీళ్లు తుడుచుకుని, ‘టికెట్ లేదా? పర్వాలేదమ్మా, నేను చూసుకుంటా, వచ్చిన దాంట్లో మూడో వంతు’ అంటాడు. గెలిచిన సొమ్ములో వాటా మాట్లాడుకోవడం వకీలుకు నిషిద్ధం. ఇతనికి అదే జీతం.

తెలుగువాళ్లకు పైరవీకారు కొత్త కాదు. 1897 నాటికే గురజాడ ‘కన్యాశుల్కం’లో రామప్పంతులును అచ్చువేసి ఇచ్చారు. అగ్నిహోత్రావధాన్ల చేత వ్యాజ్యంలో డబ్బు కక్కించిన పంతులు ఇవాళుంటే జిరాక్స్ సెంటరు పెట్టేవాడు.

అసలీ 36వ నిబంధనకు పళ్లు మొలిచింది బొంబాయిలో. ఎస్‌ప్లనేడ్ పోలీసు కోర్టుల గుమ్మంలో వకీళ్లు కాపుకాసి, వచ్చిన కక్షిదారు మీద పడి, కాగితాలు గుంజుకుని, నేను తక్కువకు చేస్తానంటే నేను ఇంకా తక్కువకని తోసుకున్నారన్నది అభియోగం. ఫలానా మనిషిని ఫలానా కేసు కోసం అడిగితేనే తప్పవుతుందని బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా కమిటీ వాళ్లను వదిలేసింది. కమిటీలో ఉన్నదీ వకీళ్లే మరి. 1975లో సుప్రీంకోర్టులో జస్టిస్ కృష్ణయ్యర్ ఆ భాష్యం చెల్లదన్నారు, ఈ వృత్తి వ్యాపారం కాదన్నారు. గొప్ప తీర్పే. మా వకీలు ఆఫీసు గది ఓనరు ఒక్కడే ఇంకా చదవలేదు, ఐదో తారీఖుకల్లా అద్దె అడుగుతాడు. మరో రెండేళ్లకు, 1977లో, అమెరికా సుప్రీంకోర్టు బేట్స్ కేసులో వకీళ్లు ప్రకటనలు ఇచ్చుకోవచ్చంది. డాలస్‌లో కొడుకును చూడ్డానికి వెళ్లొచ్చిన మా ఫిట్టరు, హైవే పక్కన సినిమా హీరోలా నవ్వుతున్న వకీలును చూసి ఎమ్మెల్యే అభ్యర్థి అనుకున్నాడట.

అయినా మన సర్కారు చేతులు ముడుచుకుని కూర్చోలేదు. 1879 నాటి చట్టంలోని కోర్టు దళారుల ముచ్చట దులిపి, 2023 సవరణతో అడ్వకేట్స్ చట్టంలోకి 45-ఎ సెక్షనుగా తెచ్చింది. హైకోర్టులు, జిల్లా జడ్జీలు, కలెక్టర్లు దళారుల జాబితా తయారు చేయొచ్చు. జాబితాలో ఉండి కూడా దందా నడిపితే మూడు నెలల వరకు జైలు, లేదా ఐదు వందల దాకా జరిమానా, లేదా రెండూ. ఐదు వందలు! లాలాగూడలో నలుగురు బిర్యానీ తింటే అంతకంటే ఎక్కువవుతుంది. పైగా ఆ జాబితాను కోర్టులో అందరికీ కనపడేలా వేలాడదీయాలట. వకీలు తన పేరును తగుమాత్రం బోర్డు మీద దాచుకోవాలి, దళారీ పేరును మాత్రం ప్రభుత్వం సొంత ఖర్చుతో కోర్టు గోడకు తగిలిస్తుంది. కేసు ఉన్నవాడు అక్కడికొచ్చి ఏ పేరు చదువుకుంటాడో వేరే చెప్పాలా?

మా కుర్ర వకీలు ఆ సెక్షన్ మొత్తం చదివాడు. జాబితాకు ఎక్కించే ముందు ప్రతి దళారీకీ తన వాదన చెప్పుకునే అవకాశం ఇవ్వాలని అందులో ఉంది. వాదన అంటే వకీలు కావాలి. ఊళ్లో దళారులకు కొదవ లేదు, పైగా వాళ్లు తమంతట తామే వస్తారు, మధ్యలో ఎవరికీ కమిషన్ ఇవ్వక్కర్లేదు. మొన్న కొత్త ఫైలు కొన్నాడు.