నేను మైనపు బ్లాకును

అగ్గిపెట్టెలో సగం కూడా ఉండని మైనపు దిమ్మను నేను. ల్యాబులో అందరూ బ్లాకు అంటారు. ఒక పంతులమ్మగారికి ఆపరేషన్ చేసి తీసిన రొమ్ము కణితి ముక్క నాలో ఉంది. దాన్ని ఫార్మలిన్‌లో నానబెట్టి, తడంతా లాగేసి, 60 డిగ్రీల వేడిలో కరిగిన మైనం పోసి నన్ను తయారుచేశారు. ఆ నానబెట్టడమే అన్నిటికన్నా ముఖ్యం. 6 గంటలకు తగ్గకూడదు, 72 గంటలు దాటకూడదు. పండగ సెలవులని సీసాను మూలన వదిలేస్తే లోపలి డీఎన్ఏ తునాతునకలవుతుంది. ఆ తర్వాత ఎంత ఖరీదైన యంత్రం తెచ్చినా చదవడం కష్టం.

నా నుంచి 4 మైక్రాన్ల పొరలు కోసి, రంగులద్ది చూశారు. ఈస్ట్రోజన్ రిసెప్టర్ పాజిటివ్, హెర్2 నెగటివ్. హెర్2 జన్యువు ఎక్కువైతే జబ్బు జోరుగా ముదురుతుందని డెనిస్ స్లామన్ బృందం 1987లో చెప్పింది. దానికి గురిపెట్టిన ట్రాస్టుజుమాబ్ మందుకు 1998లో అమెరికా అనుమతి వచ్చింది. పంతులమ్మగారిది హెర్2 నెగటివ్ కాబట్టి ఆ మందు అవసరం లేదని, ఈస్ట్రోజన్ రిసెప్టర్ పాజిటివ్ కాబట్టి ఆ హార్మోన్‌ను అడ్డుకునే మాత్రలు రాశారు. నన్ను అల్మారాలో పెట్టారు.

కొన్నేళ్లకు జబ్బు కాలేయంలో తేలింది. వాళ్లబ్బాయి రసీదు పట్టుకొచ్చాడు.

"అన్నా, అమ్మ బ్లాకు కావాలె. జీన్ టెస్టుకు పంపాల్నంట."

"ఇదిగో. ఎండల బండి డిక్కీల పెట్టకు తమ్మీ, మైనం కరుగుతది."

నాలో పీఐకే3సీఏ జన్యువు మారిందని తేలింది. ఈ రకం క్యాన్సర్ ఉన్నవాళ్లలో నూటికి దాదాపు 40 మందిలో ఆ మార్పు ఉంటుంది. ఆ మార్పు ఉన్నవాళ్లకోసం 2019లో అమెరికాలో అల్పెలిసిబ్ మాత్ర వచ్చింది. ఫుల్వెస్ట్రాంట్ ఇంజెక్షన్‌తో కలిపి ఇస్తారు. షుగర్ బాగా పెరుగుతుంది కాబట్టి రక్తపరీక్షలు తప్పవు. జబ్బును మాయం చేసే మందు కాదది. అయినా ఆ మందు ట్రయల్‌లో జబ్బు ముదరకుండా నిలిచిన కాలం దాదాపు 6 నెలల నుంచి 11 నెలలకు పెరిగింది. ఆ 5 నెలలు ఒక ఇంటికి ఎంతో!

అయితే నేను చెప్పగలిగేది ఆపరేషన్ నాటి కణితి గురించే. లెట్రోజోల్ లాంటి హార్మోన్‌ను అడ్డుకునే మాత్రలు వాడుతుండగా కొందరిలో ఈఎస్ఆర్1 జన్యువు మారుతుంది. అది నాలో సాధారణంగా కనిపించదు, రక్తంలో తిరిగే కణితి డీఎన్ఏలో వెతకాలి. ఆ మార్పు ఉన్నవాళ్లకోసమే 2023లో అమెరికాలో ఎలాసెస్ట్రాంట్ మాత్ర వచ్చింది. అందుకే డాక్టరమ్మ నాతోపాటు రక్తం కూడా పంపారు. ఈ పరీక్షలూ మందులూ చాలా ఇళ్లకు అందని ధరలో ఉండటం మాత్రం అన్యాయమే.

జబ్బు తిరగబెట్టిందంటే ముందు పాత బ్లాకు ఎక్కడుందో కనుక్కోండి. అదే సరిపోతుందా, కొత్త ముక్క తీయాలా, రక్తం పంపాలా అని డాక్టరును అడగండి. పాత పేథాలజీ రిపోర్టు, బ్లాకు రసీదు మాత్రం పారేయకండి.