నిద్రశాఖ మంత్రిగారు

హైదరాబాద్‌లో మియాపూర్, నల్లగండ్ల, మణికొండ వైపు అపార్ట్‌మెంట్లలో ఈయన తరచుగా తారసపడతారు. వయసు ముప్ఫై, ముప్ఫై అయిదు మధ్య. పగలు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఇంట్లో ఏడాది దాటిన పిల్లాడు. గ్యాస్ ఎప్పుడు బుక్ చెయ్యాలో, టీకా ఏ తారీఖున వేయించాలో, పాలవాడికి ఎంత బాకీయో ఈయనకి తెలియదు. ఆ శాఖలన్నీ భార్యవి. తన దగ్గర అట్టిపెట్టుకున్నది ఒక్కటే శాఖ, నిద్ర. తన నిద్ర కాదు, పిల్లాడిది.

ఈయన్ని పోల్చుకోవడానికి ఇంట్లోకి వెళ్ళక్కర్లేదు. కాలింగ్ బెల్ మీద టేపు, టేపు మీద ‘బెల్ కొట్టవద్దు, బాబు పడుకున్నాడు’ అన్న కాగితం ఉంటాయి. డెలివరీ కుర్రాడు బుద్ధిమంతుడు. బెల్ కొట్టడు, ఫోన్ చేస్తాడు. ఫోనేమో పడగ్గది గోడకి ఇవతల చార్జింగ్‌లో ఉంటుంది, ఫుల్ సౌండ్‌తో.

లోపల జీవోల పాలన నడుస్తుంటుంది. మధ్యాహ్నం ఒంటిగంట నుంచి మూడు దాకా కుక్కర్ విజిల్ నిషేధం. అన్నం గిన్నెలో వండి గంజి వార్చుకోవాలి. మిక్సీ పని పన్నెండున్నరలోపు ముగించాలి. ఎండుమిరపకాయల పోపు పెట్టకూడదు, ఘాటుకి ఎవరైనా తుమ్మారంటే రెండు గంటల శ్రమ వృథా. పడగ్గది తలుపు బందులకి వారానికోసారి కొబ్బరినూనె. పనమ్మాయి గిన్నెలు తోమే వేళ కూడా మారింది. వీధిలో ‘ఉల్లిగడ్డలు’ అంటూ మైకు పెట్టుకొచ్చే ఆటోవాడికి మాత్రం జీవో అందలేదు.

ఇదంతా గాలి కబుర్ల మీద నడిచే వ్యవహారం కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం ఏడాది, రెండేళ్ళ పిల్లలకి పగటి కునుకులతో కలిపి రోజుకి 11 నుంచి 14 గంటల నిద్ర కావాలి. మధ్యలో మూడు గంటల వెసులుబాటు ఉందిగా అని మామూలు తండ్రి ఊపిరి పీల్చుకుంటాడు. మంత్రిగారు ఆ పక్షం కాదు. ఫోన్‌లో ఒక యాప్, ల్యాప్‌టాప్‌లో ఒక ఎక్సెల్ షీట్ పెట్టుకుని, పన్నెండుంపావు గంటలకి అయిదు నిమిషాలు తగ్గితే ఆ గడికి ఎరుపు రంగు వేస్తారు.

తల్లిగారు తెనాలి నుంచి వచ్చినప్పుడు శాఖకి ప్రతిపక్షం ఏర్పడుతుంది. ఓ సాయంత్రం మంత్రిగారు ఆవిడకి ఒక పరిశోధన వివరించారు. 2009లో అమెరికాలో 405 మంది తల్లుల్ని, వాళ్ళ పసిపిల్లల్ని తీసుకుని చేశారు. రోజూ రాత్రి ఒకే వరసలో స్నానం, ఒంటికి మర్దన, జోలపాట లాంటి ప్రశాంతమైన పని, ఆ తర్వాత దీపాలు ఆర్పడం. రెండు వారాలు ఇలా చేస్తే పిల్లలు త్వరగా నిద్రపోయారు, రాత్రి లేవడమూ తగ్గింది. ఆవిడ అంతా విని, “నీళ్ళు పోసి, ఒళ్ళు రాసి, జోకొడితే పిల్లాడు పడుకుంటాడని చెప్పడానికి నాలుగొందల మంది ఎందుకురా?” అన్నారు.

ఆవిడ గెలిచినట్టే కనిపిస్తుంది కానీ, ఆవిడ రికార్డూ అంత శుభ్రమైనది కాదు. అసురసంధ్య వేళ పడుకోకూడదని ఇంటిల్లిపాదినీ లేపే మనిషి, మనవడికి మాత్రం మినహాయింపు ఇస్తారు. ఆరున్నరకి ఒళ్ళో వేసుకుని, “పాపం, కళ్ళు వాలిపోతున్నాయిరా” అంటారు. నలభై నిమిషాల ఆ కునుకుతో రాత్రి రావాల్సిన నిద్ర కాస్తా ఎగిరిపోతుంది. తొమ్మిదింటికి ఆవిడ హాయిగా పడుకుంటారు. పన్నెండు దాకా డైనింగ్ టేబుల్ చుట్టూ పిల్లాడి వెనక తిరిగేది మంత్రిగారు. ఈ విషయంలో నా ఓటు ఆయనకే.

అయితే ఆయన పాలనలో అసలు సంక్షోభం పదిహేనో నెల దాటాక వచ్చింది. చాలామంది పిల్లలు ఏడాదికీ ఏడాదిన్నరకీ మధ్య పొద్దుటి కునుకు మానేసి మధ్యాహ్నం ఒక్కసారే పడుకోవడం మొదలుపెడతారు. మారడం ఒక్క రోజులో అయిపోదు. కొన్ని వారాలపాటు రెండు కునుకులు ఎక్కువ, ఒకటి తక్కువ. పదింటికి పడుకోబెడితే మంచం మీద గంతులు. పోనీ పన్నెండు దాకా ఆపుదామంటే, పదకొండున్నరకి పెరుగన్నం ముద్ద బుగ్గలో ఉండగానే హైచెయిర్‌లో తల పక్కకి వాలిపోతుంది. మంత్రిగారు ధర్మసంకటంలో పడతారు. ముద్ద తీస్తే లేస్తాడు, తియ్యకపోతే గొంతుకి అడ్డుపడుతుంది. ఊపిరి బిగబట్టి చూపుడువేలు పెట్టి, మెతుకు మెతుకూ బయటికి లాగుతారు. చివరి మెతుకు దగ్గర పిల్లాడు వేలు కొరికి, కళ్ళు తెరిచి, “నాన్నా!” అని నవ్వుతాడు. ఎక్సెల్‌లో ‘నిద్ర: 4 ని.’ అని పడుతుంది.

నిన్నటిదాకా రెండు కునుకుల సిద్ధాంతాన్ని అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో వాదించి గెలిచిన మనిషి, నెల తిరిగేసరికి ఒంటి కునుకు సిద్ధాంతానికి అధికార ప్రతినిధి. పాత మెసేజ్‌లు ఎవరో గుర్తుచేస్తే, “అది అప్పటి వయసుకి” అంటారు. మాట నిజమే, అందుకే ఎవరూ ఏమీ అనలేరు.

రాత్రి సంగతి వేరు. ఆయన పెట్టుకున్న ముహూర్తం ఏడున్నర. ఎక్కడిదీ లెక్క అంటే, 2010లో మన దేశంతో సహా 17 దేశాలు, ప్రాంతాల పసిపిల్లల నిద్రని పోల్చిన అధ్యయనం ఒకటి ఉంది. అందులో న్యూజీలాండ్ పిల్లలు సగటున రాత్రి 7:27కి పడుకుంటారు, హాంకాంగ్ పిల్లలు 10:17కి. మంత్రిగారు న్యూజీలాండ్‌ని ఎంచుకున్నారు. కానీ గచ్చిబౌలిలో ఆఫీసు వదిలి, ట్రాఫిక్ దాటి, మియాపూర్ చేరేసరికి ఎనిమిదిన్నర. అప్పటికి భార్య కథ చెప్పి, లైటు తీసి, జోకొట్టి, పిల్లాణ్ణి సగం దాకా తీసుకొస్తుంది. కింద పార్కింగ్‌లో కారు రివర్స్ బీప్ వినగానే వాడు లేచి కూర్చుంటాడు. ఈయన లోపలికొచ్చి, “ఒక్క నిమిషమే” అని గాల్లోకి మూడుసార్లు ఎగరేస్తారు. తర్వాతి గంటన్నరకి కారణం ఎక్సెల్‌లో ‘దంతాలు’ అని నమోదవుతుంది.

డాలస్‌లో ఉన్న తమ్ముడిదీ ఇదే శాఖ, కష్టాలు ఇంకో రకం. అక్కడ మార్చి రెండో ఆదివారం గడియారాన్ని గంట ముందుకి, నవంబరు మొదటి ఆదివారం వెనక్కి తిప్పుతారు. పిల్లకి ఆ చట్టం తెలియదు. నవంబరులో ఆరింటికి లేచేది కాస్తా అయిదింటికే లేస్తుంది. తెనాలి వీడియో కాల్ కూడా పదిన్నర గంటల తేడా నుంచి పదకొండున్నరకి మారి, తాతగారి భోజనం మధ్యలో మోగుతుంది.

రెండేళ్ళు నిండాక పిల్లాణ్ణి వీధి చివర డే కేర్‌లో వేశారు. వాన చప్పుడు మెషీన్, నల్ల కర్టెన్, ఫలానా దుప్పటి లేనిదే వాడు పడుకోడని మంత్రిగారు రెండు పేజీల నోట్ ఇచ్చారు. వారం తర్వాత వెళ్ళి చూస్తే, కిటికీలు బార్లా తెరిచిన హాల్లో, కిర్రుమనే ఫ్యాన్ కింద, చాప మీద మిగతా పిల్లలతోపాటు వరసలో పడుకుని ఉన్నాడు. రెండున్నర గంటల నిద్ర. అందుకే రాత్రి పదకొండు దాకా ఇంట్లో పరుగులు.

సాయంత్రం ఆయామ్మని పట్టుకుని, మధ్యాహ్నం నిద్ర గంటకి మించకుండా మధ్యలో లేపమని చెప్పారు. ఆవిడ చెయ్యి తుడుచుకుంటూ, “వీణ్ణొక్కణ్ణి లేపితే ఇరవై మందీ లేస్తారు సార్. వీళ్ళు పడుకుంటేనే కదా మేం ఇంత అన్నం తినేది” అంది.