కౌగిలికి ఫ్యాట్ ఎంత?

కౌగిలింతల విషయంలో సింహాచలం వాళ్లకు ఒకరు పాఠం చెప్పక్కర్లేదు. కొండ మీద అప్పన్న గుళ్లో కప్పస్తంభం ఉంది. దాన్ని వాటేసుకుని మనసులో మాట చెప్పుకుంటే తీరుతుందని నమ్మకం. సంతానం లేనివాళ్లు, ఉద్యోగం రానివాళ్లు, కోర్టులో కేసు తెగనివాళ్లు వరసలో నిలబడి మరీ ఆ రాతిని కౌగిలించుకుంటారు. అలాంటి ఊరికి జంతు సంక్షేమ బోర్డు వారు 2023 ఫిబ్రవరి 6న ఒక కాగితం పంపారు: 14న ఆవును కౌగిలించుకోండి, మీ ఆనందమూ పెరుగుతుంది, అందరి ఆనందమూ పెరుగుతుంది. 10వ తేదీన, సమర్థ అధికారి ఆదేశం అంటూ ఆ కాగితాన్ని వెనక్కి తీసుకున్నారు. మొదటి కాగితం వెనక ఉన్నది ఎలాంటి అధికారో దీన్నిబట్టి మీరే ఊహించుకోండి.

దేశమంతా నవ్వేసి ఊరుకుంది. నాకు మాత్రం వెనక్కి తీసుకోవడమే మింగుడుపడలేదు. పాడిరైతును బతికించే ఇంత చవకైన పథకాన్ని పురిట్లోనే చంపుతారా? రైతేమో పాలకు గిట్టుబాటు ధర కావాలంటాడు. అది ఇవ్వాలంటే ఎవరి జేబులోంచో డబ్బు కదలాలి. కౌగిలికైతే రెండు చేతులు చాలు.

కాబట్టి ఇకమీదట పాలకేంద్రంలో క్యాను దించగానే యంత్రం పాలధర తేల్చే ఫ్యాట్, ఎస్‌ఎన్‌ఎఫ్ (వెన్న కాని ఘనపదార్థాలు) చూసి, తగ్గిన ప్రతి పాయింటుకూ ఒక కౌగిలి చొప్పున చీటీ అచ్చేసి ఇవ్వాలి. రైతు ఆ చీటీ పట్టుకుని గోపాలపట్నంలో దాణా కొట్టుకు వెళ్తాడు. తవుడు, తెలగపిండి అమ్మే షావుకారును గట్టిగా వాటేసుకుంటాడు. షావుకారు ఊపిరాడక 'బస్తా ఎత్తుకుపోవయ్యా' అంటే సరే. అనకపోతే ఇంకాస్త బిగించాలి. 2022 ఆగస్టులో టోకు ధరల సూచీలో పశుగ్రాసం ఏడాది తిరిగేసరికి 25 శాతానికి పైగా పెరిగింది గనక, కౌగిలి కూడా అంతకు ముందుకన్నా పాతిక శాతం బిగువుగా ఉండాలి మరి.

బ్యాంకు వాయిదాకూ ఇదే పద్ధతి. మేనేజరు గారు సెలవులో ఉంటే క్యాషియరును కౌగిలించుకోవచ్చు. కౌంటరు అద్దం అడ్డమొస్తుంది, ఆ సంగతి రిజర్వు బ్యాంకు చూసుకోవాలి. పన్ను దగ్గర మాత్రం కాస్త జాగ్రత్త. 2022 జూలై 18 నుంచి ప్యాకెట్ పెరుగుకీ మజ్జిగకీ 5 శాతం జీఎస్టీ వేశారు, విడిగా పోయించుకుంటే లేదు. ఆ లెక్కన శాలువా చుట్టి పేరు రాసిన కౌగిలికి పన్ను, విడి కౌగిలికి మినహాయింపు.

ఆవు చెవికి 12 అంకెల పోగు ఎలాగూ ఉంది. ఏ ఆవును ఎవరు ఎంతసేపు కౌగిలించుకున్నారో ఆ నంబరు మీద ఎక్కించడానికి రైతు సేవా కేంద్రంలో కుర్రాడూ ఉన్నాడు. సర్వర్ మొరాయిస్తే ఆవుతోపాటు అలాగే నిలబడాలి. వేలిముద్ర పడేదాకా ఇద్దరిలో ఎవరూ వదలకూడదు. గేదెల మాట అడక్కండి. మన రాష్ట్రంలో పాలలో పెద్ద వాటా వాటిదే అయినా కౌగిలి కోటాలో చోటు దక్కలేదు. నల్లగా ఉండటం, బురదలో పొర్లడం సంప్రదాయానికి సరిపడవు కాబోలు. కాఫీలోకి మాత్రం సరిపడతాయి. పథకం ఫలిస్తే ఇక్కడితో ఆపక్కర్లేదు. విశాఖ ఉక్కు ఫ్యాక్టరీని అమ్మొద్దని 2021లో కూర్మన్నపాలెంలో దీక్షకు కూర్చున్నవాళ్లను కూడా వెళ్లి బ్లాస్ట్ ఫర్నేసును కౌగిలించుకు రమ్మనొచ్చు.

ఇదంతా అడవివరంలో ఒక పాడిరైతుకు పూసగుచ్చినట్టు చెప్పాను. ఆయనకు పొలం లేదు, వేరే ఉద్యోగం లేదు, నాలుగు ఆవులే ఆధారం. తెల్లారగట్ట లేచి పేడ ఎత్తి, పొదుగు కడిగి, పితికి, క్యాను కట్టుకుని బయల్దేరే మనిషి. మళ్లీ సాయంత్రం అదే పని. పండగకైనా పొరుగూరి పెళ్లికైనా ఆ రెండు పూటలూ తప్పవు. అంతా విని, 'ఫ్యాట్ పెరుగుతాదేటి బాబూ?' అన్నాడు. పెరగదన్నాను. 'మరైతే దాని యెనకాల నిలబడకండి, తంతాది' అన్నాడు.

ఆ కొట్టంలోనే ఓ మూల జెర్సీ సంకరం కోడెదూడ కట్టేసి ఉంది. నా పథకం దాని దగ్గర ఆగిపోయింది.

దీన్ని ఎవరు కౌగిలించుకుంటారు? దుక్కి ట్రాక్టరు దున్నుతోంది. మూపురం లేని దూడ బండికీ పనికిరాదు. 1977 నాటి రాష్ట్ర చట్టం ప్రకారం దూడను కోతకు ఇవ్వకూడదు. ఇంట్లో ఉంచుకుంటే అది తాగే పాలన్నీ పాలకేంద్రానికి పోని పాలే. అందుకే దేవుడి మీద భారం వేస్తారు, అక్షరాలా. అప్పన్నకు కోడెదూడను అర్పించే కోడెమొక్కు పాత ఆచారం, దాన్ని నేను తప్పుపట్టను. కానీ తల్లి పాలు మరవని దూడల్ని ఆటోల్లో తెచ్చి కొండ కింద దించిపోతుంటే, అవి గోశాలలో ఆకలికీ ఎండకీ రాలిపోతే, జంతుప్రేమికులు గొడవచేస్తే, తిట్లన్నీ దేవస్థానానికీ రైతుకీ పడ్డాయి. పాల దిగుబడి కోసం ఊరూరా సంకరజాతి సూదులు వేయించిన సర్కారుకు ఒక్కటీ తగల్లేదు. పుట్టేవాటిలో సగం మగవి పుడతాయని ఆ లెక్కలు వేసినవాళ్లకు తెలియదా? తెలుసు. ఆ సగం రైతు నెత్తిన పడుతుందని కూడా తెలుసు.

2022లో లంపీ స్కిన్ జబ్బు వచ్చి దేశంలో లక్షకు పైగా పశువులు ఒళ్లంతా గడ్డలు కట్టి చచ్చాయి. మేకల మశూచికి చేసిన టీకానే వాటికీ పొడిచారు. పురుగులు పట్టిన ఆ పుండ్లు కడిగింది రైతు, వాళ్లింటి ఆడది. గొయ్యి తీసి పూడ్చిందీ వాళ్లే. అప్పుడు ఆవును దగ్గరికి తీసుకోమని ఏ బోర్డూ కాగితం పంపలేదు.

కోడెదూడకు మేత ఖర్చు ఇవ్వండి. ఆవు వట్టిపోయిన నెలలకు ఇంత అని ఇవ్వండి. పాలకు ధర ఎంతో, పితికే వాడి ఖర్చు ఎంతో ఒకే కాగితం మీద రాసి చూపించండి. చేతకాకపోతే చేతకాదని చెప్పండి, వాళ్లు గొడ్లను అమ్ముకుని గాజువాకలో ఇంకేదో పని వెతుక్కుంటారు. ఆ మాట మొహం మీద చెప్పే ధైర్యం లేకే కదా, ఈ కౌగిలింతలు!